మా ఒడ్డున మేమే చుట్టాలమా?

విశాఖపట్నం పెరుగుతోంది. ఈ మాట చెప్పని మంత్రి లేడు, రాయని పత్రిక లేదు. 2016లో స్మార్ట్ సిటీ అన్నారు. 2020లో పరిపాలనా రాజధాని అని చట్టం చేశారు, 2021 నవంబరులో ఆ చట్టాన్ని వాళ్లే వెనక్కి తీసుకున్నారు. 2025లో ఐటీ రాజధాని అన్నారు, డేటా సెంటర్ల రాజధాని అన్నారు. పేరు మారిన ప్రతిసారీ ఊరికి కొత్త మ్యాపు గీస్తున్నారు. ఆ మ్యాపులో మేం ఎక్కడున్నామో వెతుక్కోవడమే మా పని అయిపోయింది.

మేం ఒక చిన్న ప్రశ్న అడుగుతున్నాం. పని దిగిన మనిషి సాయంత్రం ఆరు గంటలకు ఎక్కడికి వెళ్లాలి? బడి వదిలిన పిల్ల ఎక్కడ ఆడుకోవాలి? పింఛను తీసుకునే ముసలాయన పేపరు ఎక్కడ చదువుకోవాలి? నాటకం వేసే కుర్రాళ్లు రిహార్సల్ ఎక్కడ చేసుకోవాలి? పెరుగుతున్న ఊరికి రోడ్లు కావాలి, నీళ్లు కావాలి, కరెంటు కావాలి. కాదనం. వీటితో పాటు ఆటస్థలం, గ్రంథాలయం, రంగస్థలం, ఈతకొలను, కూర్చోవడానికి చెట్టు నీడ కూడా కావాలి. ఇవి ఎన్ని కావాలి, ఏ వార్డుకు ఎన్ని కావాలి, ఇరవై ఏళ్ల తర్వాత ఎన్ని కావాలి? ఈ లెక్క వార్డు వార్డునా తీసి జనం ముందు ఎప్పుడైనా పెట్టారా?

పెట్టలేదు. హోటల్ గదుల లెక్క ఉంది. టూరిస్టుల రాకపోకల లెక్క ఉంది. కన్వెన్షన్ సెంటర్‌లో ఎన్ని కుర్చీలు పడతాయో లెక్క ఉంది. వచ్చిపోయే వాళ్ల సరదాకు ప్రాజెక్టు రిపోర్టు రాసినవాళ్లు, ఇక్కడే పుట్టి ఇక్కడే చచ్చేవాళ్ల సాయంత్రాలకు ఒక కాగితం కూడా రాయలేదు. మా గొడవ అంతా ఇక్కడే ఉంది.

సర్కారు లెక్కే చెబుతున్నాం

మేం గొంతెమ్మ కోరికలు కోరుతున్నామని అనే పెద్దలున్నారు. అందుకే మా లెక్క పక్కన పెట్టి, సర్కారు లెక్కే చెబుతున్నాం. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2014లో పట్టణ ప్రణాళికకు మార్గదర్శకాలు తెచ్చింది. అవి ఏమంటున్నాయి? 5,000 మందికి ఒక కమ్యూనిటీ గది ఉండాలి. 15,000 మందికి 2,000 చదరపు మీటర్ల జాగాలో ఒక కమ్యూనిటీ హాలో, గ్రంథాలయమో ఉండాలి. లక్ష మందికి 1,000 చదరపు మీటర్లలో సంగీత, నృత్య, నాటక కేంద్రం ఒకటి ఉండాలి. పది లక్షల మందికి 15 హెక్టార్లలో పెద్ద సాంస్కృతిక కేంద్రం ఉండాలి. తలకు 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ జాగా ఉండాలి.

2011 జనగణనలో విశాఖ నగరపాలక సంస్థ జనాభా 17,28,128. అప్పటికి అనకాపల్లి, భీమిలి ఇంకా కలవలేదు. 2021లో జరగాల్సిన జనగణన ఆ ఏడాది జరగనే లేదు. ఇవాళ ఊళ్లో ఉన్నవాళ్లు అంతకు మించే ఉంటారు. అయినా ఆ పాత లెక్కే తీసుకుందాం. కమ్యూనిటీ గదులు 345 కావాలి. హాళ్లు, గ్రంథాలయాలు 115 కావాలి. సంగీత, నృత్య, నాటక కేంద్రాలు 17 కావాలి. తలకు 10 చదరపు మీటర్ల చొప్పున ఖాళీ జాగా 1,728 హెక్టార్లు, అంటే సుమారు 4,270 ఎకరాలు కావాలి.

ఇందులో ఉన్నవెన్ని, లేనివెన్ని? గాజువాకలో ఎన్ని? పెందుర్తిలో ఎన్ని? మధురవాడలో ఎన్ని? మల్కాపురంలో ఎన్ని? నగరానికి 98 వార్డులున్నాయి. వార్డుకో కాగితం చొప్పున 98 కాగితాలు చాలు. ఆ 98 కాగితాలు మా ముందు పెట్టండి. అప్పుడు మాట్లాడుకుందాం.

ఇంకో మాట కూడా గుర్తు చేస్తున్నాం. ఇది ఎవరి దయాదాక్షిణ్యాల వ్యవహారమూ కాదు. 1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ పాలక సంస్థలకు పన్నెండో షెడ్యూలు ఇచ్చింది. పార్కులు, తోటలు, ఆటస్థలాలు అందులో ఉన్నాయి. సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయాలను పెంపొందించడం అందులో ఉంది. మురుగు కాల్వ ఎంత కార్పొరేషన్ పనో, నాటకశాల కూడా అంతే కార్పొరేషన్ పని. కానీ కార్పొరేషనే లేకపోతే? 2012 నుంచి 2021 మార్చి దాకా తొమ్మిదేళ్లు ఈ ఊరికి ఎన్నికైన పాలకవర్గమే లేదు. ఊరు అన్నిటికన్నా వేగంగా పెరిగిన కాలంలో, ఊరి తరఫున అడిగే కార్పొరేటరే లేడు. అధికారులు గీసిందే గీత అయింది. 2041 దాకా చూపు సారించామంటూ వీఎంఆర్‌డీఏ మాస్టర్ ప్లాన్ వచ్చింది. అందులో పచ్చ రంగు ఉంది, పసుపు రంగు ఉంది. మా వార్డులో పిల్లలు ఆడుకునే జాగా ఏ రంగులో ఉందో మాకు చెప్పినవాడు లేడు.

ఒడ్డున ఏం జరిగింది?

మా అవసరం లెక్కలోకి రాలేదు. మరి ఈ లోగా ఒడ్డున ఏం చేశారు? ఒక్కొక్కటే చూద్దాం.

2024 ఫిబ్రవరి 25న ఆర్కే బీచ్‌లో తేలే వంతెన ప్రారంభించారు. మర్నాటికల్లా దాని కొస విడిపోయి సముద్రంలో కొట్టుకుపోయింది. అదృష్టం బాగుండి ఆ సమయంలో దాని మీద జనం లేరు. అది తెగిపోవడం కాదు, పరీక్ష కోసం మేమే విడదీశామని సమాధానం వచ్చింది. బంగాళాఖాతం ఎట్లా ఉంటుందో జాలరిపేటలో ఏ ముసలమ్మనడిగినా చెప్పేది. అడగరు. ఒడ్డున బతికేవాళ్లను అడిగితే పరువు పోతుందనుకుంటారు కాబోలు.

రుషికొండ సంగతి దేశమంతా చూసింది. అక్కడ పర్యాటక సంస్థకు చెందిన హరిత రిసార్టు ఉండేది. మధ్యతరగతి కుటుంబం సెలవు రోజున ఒక పూట భోంచేసి, సముద్రం చూసి రాగలిగిన చోటది. 2021లో దాన్ని పడగొట్టారు. కొండను తొలిచి, నాలుగు వందల కోట్లకు పైగా ప్రజల సొమ్ముతో భవనాలు లేపారు. ఎవరికోసమో కట్టేటప్పుడు చెప్పలేదు. 2024లో సర్కారు మారాక తలుపులు తీసి చూపించారు. ఏం చెయ్యాలో తేల్చుకోవడానికి కొత్త సర్కారుకూ నెలల తరబడి కమిటీలు కావలసి వచ్చాయి. ఆ డబ్బుతో ఎన్ని వార్డు గ్రంథాలయాలు లేచేవో, ఎన్ని ఆటస్థలాలకు ప్రహరీ, లైటు, నీళ్లు వచ్చేవో అడగడానికి పార్టీ జెండా అక్కర్లేదు.

ఇక కళ పేరు మీద ఇచ్చిన భూమి సంగతి. 2003లో సముద్రం కనిపించే కొండ మీద ఒక సినిమా స్టూడియోకు 34.44 ఎకరాలు ఇచ్చారు. విశాఖలో సినిమా పరిశ్రమ వస్తుంది, మన కుర్రాళ్లకు పని దొరుకుతుంది అన్నారు. ఇరవై ఏళ్ల తర్వాత, 2023లో, అందులో 15.17 ఎకరాలను ఇళ్ల లేఔటుగా మార్చడానికి అనుమతి ఇచ్చారు. వ్యవహారం కోర్టులకెక్కింది, 2025లో సర్కారు ఆ 15.17 ఎకరాల మీద రద్దు నోటీసు దాకా వచ్చింది. కళ కోసమని ఇచ్చిన భూమి ప్లాట్ల వైపు నడవడానికి ఇరవై ఏళ్లు చాలని దీన్నుంచి మేం నేర్చుకున్నాం.

అన్నిటికన్నా పెద్దది హార్బర్ పార్కు. బీచ్ రోడ్డును ఆనుకుని 13.74 ఎకరాల సర్కారు భూమి. మొదట తెలుగుదేశం ప్రభుత్వం మాల్, కన్వెన్షన్ సెంటర్ కోసం లులు సంస్థకు కేటాయించింది. 2019లో వైసీపీ ప్రభుత్వం రద్దు చేసింది. 2025లో కూటమి ప్రభుత్వం మళ్లీ అదే సంస్థకు 99 ఏళ్ల లీజుకు ఇచ్చింది. ఇచ్చినవాళ్లూ, రద్దు చేసినవాళ్లూ, మళ్లీ ఇచ్చినవాళ్లూ ఎవరూ ఈ ఊరిని అడగలేదు.

ఇప్పుడు సర్కారు సొంత కొలతబద్ద పట్టి చూడండి. 13.74 ఎకరాలంటే సుమారు 55,600 చదరపు మీటర్లు. 1,000 చదరపు మీటర్ల చొప్పున ఊరికి కావలసిన 17 సంగీత, నృత్య, నాటక కేంద్రాలకు మొత్తం 17,000 మీటర్లు చాలు. అంటే ఒక మాల్‌కు ఇచ్చిన భూమిలో మూడో వంతు కూడా అక్కర్లేదు. మూడు తరాల దాకా మళ్లీ చేతికి రాని భూమి అది. అన్నీ అక్కడే కట్టమని మేం అనడం లేదు. ఏ వార్డుది ఆ వార్డులోనే ఉండాలి. ఒక వైపు ఎంత ధారాళంగా ఇస్తున్నారో, రెండో వైపు ఎంత పిసినారితనం చూపిస్తున్నారో తెలియడానికి చెబుతున్నాం. 2025లోనే టీసీఎస్‌కు 21.16 ఎకరాలు నామమాత్రం 99 పైసలకు ఇచ్చారు. 99 పైసలకు ఎకరాలు దొరికే ఊళ్లో నాటకం వేసుకునే కుర్రాళ్లకు ఒక గది దొరకదా?

ఉద్యోగాలు వద్దా అంటారు

మేం ఇలా అడగ్గానే ఒక జవాబు తయారుగా ఉంటుంది. 'మాల్ వస్తే ఉద్యోగాలొస్తాయి, కంపెనీ వస్తే ఉద్యోగాలొస్తాయి, మీరు అభివృద్ధికి అడ్డం.' ఈ పాట మాకు కొత్త కాదు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం 64 ఊళ్ల భూములిచ్చినవాళ్లం మేం. ఇంకా ఆర్ కార్డు చేత పట్టుకుని తిరుగుతున్నవాళ్లు మాలో ఉన్నారు. 2009లో మొదలైన గంగవరం పోర్టు కోసం గంగవరం, దిబ్బపాలెం మత్స్యకారులు తమ తీరాన్ని వదులుకున్నారు. అభివృద్ధికి అడ్డం పడ్డవాళ్లం కాదు, దానికి అడ్డపట్టెగా పడి నలిగినవాళ్లం.

ఉద్యోగాల మాట వచ్చింది కాబట్టి ఉక్కు ఊరి సంగతే చూడండి. ఉక్కునగరం కట్టినప్పుడు క్వార్టర్లతోనే సరిపెట్టలేదు. స్టేడియం, క్లబ్బులు, ఆటస్థలాలు, బడులు, ఆసుపత్రి కలిపి కట్టారు. ఉద్యోగికి ఇల్లు ఎంత అవసరమో సాయంత్రం ఆట కూడా అంతే అవసరమని ప్రభుత్వ రంగానికి తెలుసు. పోర్టుకు తెలుసు, నేవీకి తెలుసు. ప్రహరీ గోడ లోపల తెలిసిన సంగతి గోడ బయట ఎందుకు తెలియదు? ఆ గోడ పక్కనే ఉన్న పునరావాస కాలనీకి ఎందుకు వర్తించదు? పైగా 2021 జనవరిలో ఆ ఉక్కు ఫ్యాక్టరీనే అమ్మేస్తామని కేంద్రం నిర్ణయం ప్రకటించింది. ఫ్యాక్టరీ చేతులు మారితే ఆ స్టేడియం ఎవరిది, ఆ మైదానం ఎవరిది? గాజువాక వైపు ఆటపాటల భవిష్యత్తు గురించి మాట్లాడేవాళ్లు ముందు దీనికి సమాధానం చెప్పాలి.

కంపెనీల్లోకి వచ్చే కుర్రాళ్లు, కుర్రమ్మాయిలు కూడా రేపు ఈ ఊరి జనమే. పగలంతా స్క్రీన్ ముందు కూర్చున్నవాళ్లకు సాయంత్రం మాల్‌లో మరో స్క్రీన్ చూపిస్తే సరిపోతుందా? మాల్‌లోకి వెళ్తే జేబు తడుముకోవాలి. గ్రంథాలయంలో కూర్చుంటే, మైదానంలో ఆడితే, ఒడ్డున నడిస్తే ఎవడూ బిల్లు చేతికివ్వడు. ఉన్నోడికీ లేనోడికీ ఒకే బల్ల మీద చోటు దొరికేది అక్కడే.

లేనోడి సాయంత్రం

ఒడ్డున లేనోడికి ఏం మిగిలింది? ఇసుక మిగిలింది. అది కూడా తరిగిపోతోంది. ఔటర్ హార్బర్ కట్టినప్పటి నుంచీ ఆర్కే బీచ్ కోతకు గురవుతూనే ఉంది. డ్రెడ్జర్‌తో ఇసుక తెచ్చి పోస్తే తప్ప నిలవని పరిస్థితి. ఆ ఇసుక మీద ఆదివారం సాయంత్రం ఊరు ఊరంతా వస్తుంది. కంచరపాలెం వస్తుంది, ఆరిలోవ వస్తుంది, గోపాలపట్నం వస్తుంది. పల్లీలు, మొక్కజొన్న కంకి, మురీ మిక్చర్. అంతే, అదే వాళ్ల క్లబ్బు, అదే వాళ్ల రిసార్టు. ఆ జనానికి సరిపడా మరుగుదొడ్లు ఉన్నాయా? ఆడవాళ్లు మూడు గంటలు ఒడ్డున కూర్చోవాలంటే ముందు దీని గురించే ఆలోచించుకోవాలి. మా ఇళ్లల్లో ఆడవాళ్లనడిగితే చెబుతారు.

రాత్రి పూట పాత జైలు రోడ్డులో తిండి బళ్లుండేవి. షిఫ్టు దిగినవాడు, హాస్టల్ పిల్లలు, చిన్న కుటుంబాలు యాభై వంద రూపాయలతో కడుపు నింపుకుని, కబుర్లు చెప్పుకునేవాళ్లు. 2025లో 'ఆపరేషన్ లంగ్స్' అని పేరు పెట్టి వాటిని లేపేశారు. వీధి వ్యాపారులను రక్షించడానికి 2014లో చేసిన చట్టం ఒకటుంది. బళ్లు తీసే ముందు వాళ్లకు వేరే చోటు చూపించాలనే సోయి ఉండాలి. ఊరికి ఊపిరితిత్తులు కావాలని మేమూ అంటున్నాం. పేదోడి బండి తీస్తేనే ఊరికి ఊపిరాడుతుందా, సముద్రం గాలికి అడ్డంగా అంతస్తులు లేస్తే ఆడుతుందా?

2005 ఏప్రిల్ 5న మధురవాడ దగ్గరి స్టేడియంలో ధోని పాకిస్తాన్ మీద 148 పరుగులు కొట్టాడు. మేమూ సంబరపడ్డాం, ఇప్పటికీ చెప్పుకుంటాం. కానీ ఆ రోజు టీవీలో చూసి బ్యాటు పట్టిన మా వాడల పిల్లలు ఎక్కడ ఆడారు? సందుల్లో ఆడారు, కల్లాల్లో ఆడారు. తర్వాత కల్లాలు లేఔట్లయ్యాయి, సందుల్లోకి కార్లొచ్చాయి. స్టేడియం చూడ్డానికి, మైదానం ఆడ్డానికి. రెండింటికీ తేడా తెలియనివాళ్లు క్రీడా విధానాలు రాస్తున్నారు.

ఈత సంగతీ అంతే. సముద్రం పక్కన పుట్టి ఈత రాని పిల్లలు వేలల్లో ఉన్నారు. ఒడ్డున స్నానానికి దిగి కొట్టుకుపోయిన పిల్లల వార్తలు చదువుతూనే ఉన్నాం. బీచ్ రోడ్డులో కార్పొరేషన్ ఈతకొలను ఉంది. గాజువాక పిల్ల, పెందుర్తి పిల్ల రోజూ అక్కడికి వచ్చి నేర్చుకోగలదా? సముద్రపు ఊళ్లో ఈత నేర్పే కొలను విలాసం కింద రాసుకునేవాళ్లు ఆ వార్తలు ఇంకోసారి చదవాలి.

ఊరు తన చేత్తో కట్టుకుంది

ఈ ఊరికి సంస్కృతి లేదని, బయటి నుంచి ఈవెంట్ కంపెనీ వచ్చి నేర్పాలని అనుకునే అధికారులకు కొంచెం చరిత్ర చెప్పాలి. శ్రీశ్రీ 1910లో పుట్టింది ఈ ఊళ్లోనే. రావిశాస్త్రి తన కథల్లోని మనుషులను ఏరుకున్నది ఈ కోర్టుల్లో, ఈ వీధుల్లోనే. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఈ ఒడ్డున నూరేళ్లు నిలబడింది. 1970లో శ్రీశ్రీ షష్టిపూర్తి సభ ఇక్కడ జరిగినప్పుడు, 'రచయితలకు సవాల్' అని విద్యార్థులు కరపత్రం పంచింది ఇక్కడే. ఆ ఏడాదే విరసం పుట్టింది. ఎవరు ఎటువైపున్నా, తెలుగు సాహిత్యాన్ని ఆ సభ ఒక కుదుపు కుదిపింది. జనం కూడడానికి ఒక చోటు, మాట్లాడడానికి ఒక మైకు దొరికితే ఊరు ఏం చేయగలదో అది రుజువు.

ఇక్కడ ఉన్న మంచి చోట్లు కూడా చాలావరకు జనం పూనికతో వచ్చినవే. కళాభారతిని నిలబెట్టింది విశాఖ మ్యూజిక్ అకాడమీ. ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయాన్ని నడుపుతున్నది పౌరుల సొసైటీ. పాత ఊళ్లో సముద్రం వైపు చూస్తూ వందేళ్లు దాటిన టౌన్‌హాలు ఉంది. సర్కారు చేసిన మంచిని కూడా దాచుకోం. 2002లో కురుసుర జలాంతర్గామిని ఒడ్డుకు చేర్చి మ్యూజియం చేశారు, ఊరు దాన్ని గుండెకు హత్తుకుంది. పాత జైలు స్థలంలో పార్కు వచ్చింది, రోజూ వేలమంది నడుస్తున్నారు. పొద్దున్నే కొద్ది గంటలు బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపితే ఊరంతా వచ్చి నడిచింది, పిల్లలు స్కేటింగ్ చేశారు. దానికి సిమెంటు బస్తా ఒక్కటైనా ఖర్చు కాలేదు. అడిగి చేస్తే, అవసరం చూసి చేస్తే, జనం ఆదరిస్తారనడానికి ఇవే సాక్ష్యం.

మరి మా తప్పెటగుళ్లు, మా జముకుల కథ, మా తూర్పు భాగవతం ఎక్కడున్నాయి? ఉత్సవాల్లో స్టేజీ ఎక్కి ఐదు నిమిషాలు ఆడి దిగిపోతున్నాయి. అరకు నుంచి ధింసా ఆడేవాళ్లను రప్పించి, వీఐపీ వచ్చేటప్పుడు రోడ్డు పక్కన ఎండలో నిలబెడుతున్నారు. తప్పెటగుళ్లు కట్టిన మనిషికి ఆ కళ పిల్లలకు నేర్పడానికి ఒక చోటు కావాలి, నెలకింత జీతం కావాలి. శాలువా కప్పి పంపిస్తే కళ బతకదు.

ఏటా ఆషాఢ పున్నమికి అప్పన్న గిరి ప్రదక్షిణ జరుగుతుంది. 32 కిలోమీటర్లు, లక్షల మంది, కొండ చుట్టూ, ఒడ్డు వెంట నడుస్తారు. ఏ ఈవెంట్ కంపెనీ పిలవలేదు వాళ్లను. ఆ ఒక్క రాత్రి కోసం కార్పొరేషన్ నీళ్లు, మరుగుదొడ్లు, లైట్లు, వైద్యం ఏర్పాటు చేయగలుగుతోంది. 2025 జూన్ 21న ప్రధాని వస్తున్నారని ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా యోగాకు ఏర్పాట్లు చేయగలిగింది. చేతకాదనే మాట ఇక చెల్లదు. ఒక్కరోజుకు చేతనైంది మిగతా 364 రోజులకు ఎందుకు చేతకాదు?

భీమిలిలో ఇంకా టైముంది

విశాఖ మధ్యలో చాలా చోటు చెయ్యి దాటిపోయింది. భీమిలిలో ఇంకా దాటలేదు. మా తొందర అందుకే. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరది. డచ్చివాళ్ల సమాధులు, గడియార స్తంభం, లైట్‌హౌస్, పావురాళ్లకొండ మీది బౌద్ధ అవశేషాలు ఉన్న ఊరు. 2013లో దాన్ని మహానగరంలో కలిపేశారు. తన మున్సిపాలిటీ తనకు లేని ఊరు, ఇప్పుడు 98 వార్డుల్లో కొన్ని వార్డులుగా మిగిలింది. ఒక వైపు విశాఖ నుంచి బీచ్ రోడ్డు తోసుకొస్తోంది. మరో వైపు, ఉత్తరాన, రెండు వేల రెండు వందల ఎకరాల్లో భోగాపురం విమానాశ్రయం. ఈ రెంటి మధ్యా ఎకరం ధర ఎంత పలుకుతుందో, ఎవరెవరు కొంటున్నారో భీమిలి జనానికి తెలుసు.

దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. 2014లో భూగర్భ సర్వేక్షణ సంస్థ వాటిని జాతీయ భూ వారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ ఎక్కాయి. తొట్లకొండ, బావికొండ బౌద్ధారామాలున్నాయి. ఇవన్నీ మా పిల్లలు నడిచి చూడాల్సిన పాఠాలు. వీటి చుట్టూ రిసార్టులు కంచె వేశాక, అప్పుడు పార్కు కావాలని అర్జీ పెట్టుకుంటే ఉపయోగం లేదు. భూమి ఉండగానే గీత గీయాలి. ఒడ్డుకు దారి ఎక్కడ, వలలు ఆరేసుకునే చోటు ఎక్కడ, పడవలు లాగే చోటు ఎక్కడ, మైదానం ఎక్కడ, గ్రంథాలయం ఎక్కడ? అది ముందు. హోటల్ తర్వాత. మత్స్యకారుడి పని చోటును 'ఖాళీ బీచ్' అని రాసుకునే సర్వేయరును గ్రామం లోపలికి రానివ్వకూడదు.

డబ్బెక్కడిది అంటారా?

ఆఖరి ప్రశ్న ఎప్పుడూ ఇదే. డబ్బు మా జేబుల్లోంచే పోతోంది, అది ఎటు పోతోందో చెప్పండి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. దాన్ని కార్పొరేషన్ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలి. ఎంత వసూలైంది, ఎంత జమైంది, ఎన్ని పుస్తకాలు కొన్నారు? ఏడాదికోసారి గోడ మీద అంటించండి. లేఔటు వేసేవాడు పది శాతం ఖాళీ జాగా స్థానిక సంస్థకు రాసివ్వాలి. ఆ జాగాలు ఎన్ని ఉన్నాయి, ఎన్ని కబ్జా అయ్యాయి? ఆ జాబితా సర్వే నంబర్లతో ఇవ్వండి. సర్కారు బడులు సాయంత్రం ఐదింటికి తాళం పడతాయి. ఒక వాచ్‌మన్, నాలుగు లైట్లు పెట్టి రాత్రి తొమ్మిది దాకా మైదానం, రెండు గదులు వాడకు తెరిచి ఉంచితే ఎంతవుతుంది? కమ్యూనిటీ గది కోసం 345 భవనాలు కొత్తగా కట్టనక్కర్లేదు. ఉన్నవాటి తాళాలు తీస్తే సగం పని అయిపోతుంది.

కాబట్టి మేం తేల్చి చెబుతున్నాం. 98 వార్డుల్లో ఆటస్థలాలు, గ్రంథాలయాలు, హాళ్లు, ఈతకొలనులు, మరుగుదొడ్ల లెక్క తీసి, ఎన్ని ఉన్నాయి, ఎన్ని కావాలి, 2041 నాటికి ఎన్ని కావాలి అని తెలుగులో అచ్చేసి వార్డు సభల్లో చదవాలి. ఆ లెక్క తేలేదాకా ఒడ్డున ఒక్క గజం సర్కారు భూమి కూడా ఎవరికీ లీజుకు ఇవ్వకూడదు. హార్బర్ పార్కు లీజు షరతులన్నీ బయటపెట్టాలి, అక్కడ జనం టిక్కెట్టు లేకుండా సముద్రం దాకా నడిచే దారి ఉండి తీరాలి. భీమిలి తీరంలో మత్స్యకారుల చోటు, జనం చోటు ముందుగా గుర్తించి రాతపూర్వకంగా కాపాడాలి. ఉత్సవాల ఖర్చులో సగం తీసి మా కళలు నేర్పే గురువులకు జీతాలుగా ఇవ్వాలి.

ఈ వారం నుంచే మొదలుపెడదాం. మీ వార్డులో బడి మైదానం సాయంత్రం తెరిచి ఉందా? గ్రంథాలయం ఉందా, ఉంటే ఎన్ని గంటలు తెరుస్తున్నారు? లేఔటు ఖాళీ జాగాలో ఇప్పుడు ఏముంది? మీరే తిరిగి చూసి, ఒక కాగితం మీద రాసి, మీ కార్పొరేషన్ జోనల్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. వాళ్లు తియ్యని లెక్క మనమే తీద్దాం. 98 కాగితాలు మన చేతిలో ఉన్న రోజున, ఈ ఒడ్డు మీద ఎవరు చుట్టాలో, ఎవరు ఇంటివాళ్లో వాళ్లకు చెప్పాల్సిన పని ఉండదు.